జ్వరం వైశాఖంలో, జుట్టు శ్రావణంలో

2021 వరలక్ష్మీ వ్రతం రోజు తెల్లవారుజామున తలంటు పోసుకుంటుంటే బాత్‌రూమ్‌లో నీళ్లు పోవడం ఆగిపోయింది. జాలీకి గుడ్డపేలిక ఏదో అడ్డం పడిందనుకుని వంగి తీశాను. గుడ్డ కాదు, నా జుట్టు. గుప్పెడు ఉంది. అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను. బయటినుంచి మావారు "పూలవాడొచ్చాడు, ఎన్ని మూరలు తీసుకోమంటావ్?" అని కేకేస్తున్నారు. పూలు పెట్టుకోవడానికి జడ మిగులుతుందా అని నా భయం నాది.

మాకు కోవిడ్ వచ్చింది ఆ ఏడు మే నెల మధ్యలో. వైశాఖం అప్పుడే మొదలైంది. పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాను. జూన్ మొదటి వారానికి లేచి వంట చేసుకున్నాను, జులైలో ఆవకాయ జాడీలు కూడా సర్దుకున్నాను. ఆ రెండు నెలలూ దువ్వెనకి ఎప్పుడూ వచ్చే నాలుగు వెంట్రుకలే వచ్చాయి. కాబట్టి జ్వరానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు. మావారు వెంటనే బోరు నీళ్లదే తప్పన్నారు. మా అమ్మాయి నా షాంపూ సీసా తిప్పి వెనకాల అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. నేను మాత్రం ఆ నెలే మార్చిన కొబ్బరినూనె మీద అనుమానం పెట్టుకున్నాను.

ఆ రోజు ఇంట్లో మా వదిన కూడా ఉంది. మావారి అక్కగారు. అదే విడత కోవిడ్‌లో అన్నయ్యగారు పోయారు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది, ఆవిడ తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. మూడో నెల వెళ్లాక మేమే పట్టుబట్టి రాజమండ్రి తీసుకొచ్చాం. వ్రతం దగ్గరికి తను రానని ముందే చెప్పేసి వెనక గదిలో కూర్చుంది. పూజ అయ్యాక ప్రసాదం పట్టుకెళ్లి, ఏదో మాట కలపాలని, "చూడండి వదినా, పొద్దున్న నా జుట్టు ఎంత ఊడిందో" అన్నాను. ఆవిడ ఏం మాట్లాడకుండా సూట్‌కేసు తెరిచి, చీరల అడుగునుంచి ఒక పేపరు పొట్లం తీసింది. విప్పితే నా గుప్పెడుకి నాలుగింతలు జుట్టు. పది రోజులుగా పోగు చేసిందట.

"నీకు కూడానా?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో కనిపించినంత తెరిపి నేను అప్పటికి మూడు నెలలుగా చూడలేదు. మా జుట్టు రాలినందుకు తెరిపా అనకండి. రెండో మాసికానికి వచ్చిన ఒక బంధువు, ఎవరో చెప్పను, ఆవిడ పలచబడ్డ పాపిడి చూసి "ఆయనతో పాటే పోతోందమ్మా నీ జుట్టు" అన్నదట. అప్పటినుంచీ వదిన ఆ మాటే నమ్ముకుని కూర్చుంది. దువ్వుకోవడం కూడా మానేసింది. "పూర్వంలా తీయించేస్తే ఈ బాధ లేకపోను" అని నవ్వుతూ అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అంతా విని, "దీనికింత కంగారెందుకే, పెద్దమ్మమ్మకి కూడా ఇంతేగా" అంది.

పెద్దమ్మమ్మ అంటే అమ్మకి అమ్మమ్మ. కోనసీమలో కాపురం. 1918లో ఆవిడకి పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాదే ఇన్‌ఫ్లూయెంజా వచ్చింది. జూన్‌లో బొంబాయి రేవు దగ్గర మొదలై, రైళ్ల వెంట, ఇళ్లకి తిరిగొస్తున్న సైనికుల వెంట దేశమంతా పాకింది. సెప్టెంబరు తర్వాత వచ్చిన రెండో విడతే అసలు ప్రాణాలు తీసింది. కోటికి పైగా చనిపోయారు మన దేశంలో. జనాభా లెక్కలు మొదలైనప్పటినుంచీ, ఒక పదేళ్లలో మన జనం పెరగకుండా తగ్గింది 1911 నుంచి 1921 మధ్యనే. పోయినవాళ్లలో వయసులో ఉన్నవాళ్లు ఎక్కువ, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువ. అందరికీ చాకిరీ చేసి ఆఖర్న మంచం పట్టేది ఎవరో, పట్టాక కూడా గంజి కాచుకోవాల్సింది ఎవరో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

పెద్దమ్మమ్మకి దీపావళి ముందు జ్వరం వచ్చి తగ్గింది. భోగి రోజు తలంటు పోస్తుంటే వాళ్ల అత్తగారి చేతికి జుట్టు పాయలుగా వచ్చేసిందట. అత్తగారు కెవ్వున అరిచింది. ఇంటిల్లిపాదీ చేరారు. తప్పెవరిదని తేల్చారంటే కుంకుడుకాయలది! ఆ ఏడు కొత్త కొట్లో తెచ్చారట. బుట్టెడు కుంకుడుకాయలు పెంటపోగులోకి వెళ్లాయి, కొట్టువాడికి బోలెడు తిట్లు. దీపావళి ముందు వచ్చిన జ్వరం ఒక్కళ్లకీ గుర్తు రాలేదు. ఎందుకొస్తుంది? దానికీ దీనికీ మధ్య నాగుల చవితి, కార్తీక పౌర్ణమి, ధనుర్మాసం, ముగ్గులు, గొబ్బెమ్మలు అన్నీ వచ్చి వెళ్లాయి.

ఇక్కడ నేను ఆగి వేళ్లు లెక్కపెట్టాను. దీపావళి ముందు నుంచి భోగికి సుమారు మూడు నెలలు. నాకు వైశాఖం నుంచి శ్రావణానికి మూడు నెలలు. వదినకీ అంతే. ఇంకో సంగతి కూడా తట్టింది. మా అమ్మాయి పుట్టాక మూడో నెలలో నాకు జుట్టు ఊడుతుంటే అమ్మమ్మ "పిల్ల నిన్ను చూసి నవ్వడం మొదలెట్టింది కదూ, తల్లి జుట్టు పిల్ల నవ్వుకి రాలుతుంది" అనేది. మీ ఇళ్లల్లోనూ అనే ఉంటారు. పిల్లలు మనిషిని పోల్చుకుని నవ్వేది ఆ రెండు మూడు నెలలకే. కారణం తప్పు చెప్పినా అమ్మమ్మలు నెల మాత్రం సరిగ్గా చెప్పారు. ఆ తర్వాత కొన్ని వారాలు మధ్యాహ్నం పూట పని అయ్యాక ఇదే పనిగా చదివాను. ఈ మూడు నెలల లెక్క కనిపెట్టడానికి డాక్టర్లకి ఎంత కాలం పట్టిందో చూస్తే నాకు అమ్మమ్మ మీద గౌరవం పెరిగింది.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అవన్నీ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయని నేను అనుకునేదాన్ని. కాదట. ప్రతి వెంట్రుకకీ దాని జాతకం దానిదే. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో పెరగడం ఆపుకుంటుంది, తర్వాత సుమారు మూడు నెలలు కుదురులోనే కదలకుండా కూర్చుంటుంది. ఆ పైన కింద నుంచి కొత్త వెంట్రుక మొదలవుతుంటే పాతది ఊడి పడుతుంది. మామూలు రోజుల్లో నూటికి 85, 90 పెరుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. అందుకే రోజుకి 50 నుంచి 100 దాకా రాలినా మనకి తెలీదు.

ఈ దశలకి పేర్లు పెట్టినాయన జుట్టు డాక్టరు కాదు. డ్రై అనే ఆయన 1926లో ఎలుకల బొచ్చు మీద పరిశోధన చేస్తూ అనాజెన్, కాటాజెన్, టెలోజెన్ అని పెట్టాడు. తర్వాత న్యూజీలాండ్ వెళ్లి గొర్రెల ఉన్ని మీద పని చేశాడు. తివాచీలకి పనికొచ్చే ముతక ఉన్నిచ్చే ఒక జాతి గొర్రెలకి ఆయన పేరు మీదుగానే డ్రైస్‌డేల్ అని పేరొచ్చింది. మన జడ గురించి డాక్టర్లు ఇప్పుడు చెప్పే మాటలు ఎలుకల దగ్గర మొదలయ్యాయంటే వదిన నమ్మలేదు.

అంతకి రెండేళ్ల ముందే, 1924లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే ఆవిడ మనుషుల ఒంటి మీద వేర్వేరు చోట్ల వెంట్రుక ఎంతకాలం బతుకుతుందో లెక్కకట్టి అచ్చు వేసింది. అప్పటికి పాతికేళ్లే ఆవిడకి. ఈవిడ గురించి మళ్లీ చెప్తాను.

జ్వరం వస్తే ఏమవుతుందంటే, ఒళ్లు ఉన్న శక్తినంతా ప్రాణం నిలబెట్టుకోవడానికే వాడుకుంటుంది. జుట్టు పెంచడం అప్పుడు అవసరమైన పని కాదు. ఇంకా ఏళ్ల తరబడి పెరగాల్సిన వెంట్రుకలు చాలా వరకు ఒక్కసారిగా పెరగడం మానేసి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. కానీ వెంటనే రాలవు. కుదురు పట్టుకునే ఉంటాయి. దువ్వెనకి చిక్కవు, అద్దంలో తెలీదు. మనం లేచి తిరుగుతాం, పథ్యం మానేస్తాం, చుట్టాలొస్తారు పోతారు. మూడు నెలలు నిండాక, ఒకేసారి కూర్చున్నవి కాబట్టి ఒకేసారి లేస్తాయి. ఊడిన వెంట్రుక మొదట్లో చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తుంది చూడండి. అది చూసి కుదుళ్లతో సహా ఊడిపోయిందని నేను ఏడ్చాను. నిజానికి ఆ బుడిపె విశ్రాంతి పూర్తిచేసుకున్న వెంట్రుకకి గుర్తట. కుదురు లోపలే ఉంటుంది. మళ్లీ మొలకెత్తే పనిలో ఉంటుంది.

దీన్నంతటినీ ఒక చోట చేర్చి 1961లో పేరు పెట్టింది ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడు. టెలోజెన్ ఎఫ్లువియం. జ్వరం తర్వాత రాలేది, కాన్పు తర్వాత రాలేది, పెద్ద ఆపరేషన్ తర్వాత రాలేది, వేరువేరు జబ్బులు కావనీ ఒకే దారిలో జరిగేవేననీ చెప్పాడు. కుదుళ్లకి ఏం దెబ్బ తగిలినా అవి బదులు చెప్పే పద్ధతి ఒకటే. ఇంత మంచి మాట చెప్పినాయన గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈయనే 1951 నుంచి ఇరవై ఏళ్లకి పైగా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల చర్మం మీద ప్రయోగాలు చేశాడు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. ఏం పూస్తున్నారో కూడా సరిగ్గా చెప్పకుండా చేశాడు. ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయం వైద్యవిభాగం దీనికి క్షమాపణ చెప్పింది 2021 ఆగస్టులో. నా జుట్టు రాలుతున్న నెలలోనే. మనకి ధైర్యం చెప్పిన చదువు కూడా ఎవరెవరి ఒంటి మీదుగానో నడిచి వచ్చినదే అని తెలిసి ఆ రోజు ఇంక చదవలేకపోయాను.

ఇన్‌ఫ్లూయెంజా, డెంగీ, చికున్‌గున్యా, కోవిడ్ వైరస్ జ్వరాలు. టైఫాయిడ్ వైరస్‌ది కాదు, బాక్టీరియాది. కుదుళ్లకి ఆ తేడా పట్టదు. మన పెద్దవాళ్లు "టైఫాయిడ్ వస్తే జుట్టు పోతుంది" అని ప్రత్యేకంగా చెప్పుకోవడానికి కారణం, 1948లో క్లోరాంఫెనికాల్ మందు వచ్చేదాకా ఆ జ్వరం మూడు నాలుగు వారాలు వదిలేది కాదు. ఒళ్లు అంతగా శోషించిపోతే జుట్టు కూడా అంతగా రాలేది. చాలా ఇళ్లల్లో జ్వరం తగ్గగానే ఆడపిల్లలకి కూడా గుండు చేయించేసేవారు. "ఎలాగూ ఊడేదే, తీయించేస్తే ఒత్తుగా వస్తుంది" అని.

ఇదిగో, ట్రాటర్ గారు ఇక్కడ మళ్లీ వస్తారు. 1928లో ఆవిడ ఈ నమ్మకాన్నే పరీక్ష పెట్టింది. కొందరు మగవాళ్లని ఒకే రకం సబ్బుతో, ఒకే పద్ధతిలో గీయించుకోమని, ఆ వెంట్రుకల్ని మైక్రోస్కోపు కింద కొలిచింది. గీసినందువల్ల లావెక్కలేదు, రంగు మారలేదు, వేగంగానూ పెరగలేదు. వందేళ్లు కావస్తోంది ఈ సంగతి తేలి, మనం మాత్రం పుట్టువెంట్రుకలు తీయించిన రోజే "ఇక ఒత్తుగా వస్తుంది చూడు" అనుకుంటూనే ఉన్నాం. మొక్కు మొక్కే, నేను దాన్ని కాదనను. మా అమ్మాయికి తిరుపతిలో నేనూ తీయించాను. ఒత్తు సంగతి మాత్రం వేంకటేశ్వరుడి పూచీ కాదు. ఈవిడే తర్వాత రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల ఎముకలు కొలిచి వాళ్లెవరో గుర్తుపట్టడానికి సాయం చేసింది.

ఇదంతా చదువుతుంటే నాకు అర్థమైనది ఏమిటంటే, ఆ మూడు నెలల ఎడం వల్ల తప్పు ఎప్పుడూ పక్కవాళ్ల మీద పడుతుంది. కుంకుడుకాయల మీద, బోరు నీళ్ల మీద, దిష్టి మీద, వదిన లాంటివాళ్లకైతే వాళ్ల తలరాత మీదే. మెప్పు కూడా అలాగే పక్కవాళ్లకి పోతుంది. జుట్టు బాగా రాలుతున్నప్పుడు మనం వైద్యం మొదలుపెడతాం. రాలడం మొదలైన కొన్ని నెలలకి అదే ఆగుతుంది, ఎక్కువమందికి ఆరు నెలల లోపు. అప్పుడు చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది.

పెద్దమ్మమ్మకి కుంకుడుకాయలు పారేశాక గుంటగలగరాకు, మందారాకు వేసి నూనె కాచారు. వేసవి దాటేసరికి జుట్టు వచ్చింది. అంతే, ఆ నూనె మా ఇంటి దేవుడైపోయింది. నాలుగు తరాలు కాచారు. వాళ్లని చూసి నేనూ కాచాను. ఇప్పుడూ కాస్తాను, ఆ వాసనకి అమ్మమ్మ గుర్తొస్తుంది కాబట్టి.

బెంగాలీ వాళ్ల కథ ఇంకా బాగుంటుంది. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ అనే ఆయన కుంతలీన్ అని ఒక తలనూనె అమ్మేవాడు. నూనె పేరు చెప్పుకోవాలని 1896లో కథల పోటీ పెట్టాడు. కథలో నూనె ప్రస్తావన రావాలి గానీ ప్రకటనలా ఉండకూడదు. బహుమతి ఎవరికొచ్చిందనుకున్నారు? మొక్కలకి ప్రాణం ఉందని మనం బడిలో చదువుకున్న జగదీశ్ చంద్ర బోస్‌కి. ఆ కథలో ఒకాయనకి పెద్ద జ్వరం వచ్చి తగ్గి, జుట్టు పలచబడిపోతుంది. గాలి మార్పుకి ఓడ ప్రయాణం చేయమంటాడు డాక్టరు. చిన్న కూతురు తండ్రి తల మీద అక్కడక్కడ మిగిలిన జుట్టుని చూపించి ఇవేగా ద్వీపాలంటే అని ఆట పట్టించి, పెట్టెలో ఒక తలనూనె సీసా పెడుతుంది. సముద్రంలో తుఫాను వస్తే ఆయన ఆ సీసా నీళ్లలో ఒంపుతాడు, అలలు అణిగిపోతాయి. తలకి రాసుకోనే లేదు. అంటే 1896 నాటికి జ్వరం తర్వాత జుట్టు ఊడడం నలుగురికీ తెలిసిన సంగతే. కథ చదివేవాళ్లకి వివరించి చెప్పక్కర్లేనంత మామూలు సంగతి. తెలిసినవాళ్లు తెలిసినట్టే ఉండగా, ప్రతి ఇంట్లో ప్రతి ఆడమనిషీ తనకొక్కదానికే అయినట్టు తలుపు గడియ వేసుకుని ఏడవడం మాత్రం ఆగలేదు.

నేను కూడా మోసపోబోయాను, దాచుకోవడం ఎందుకు. సెప్టెంబరులో ఒక జుట్టు క్లినిక్‌కి వెళ్లాను. నా తలని కెమెరాతో పెద్దది చేసి టీవీలో చూపించి, కుదుళ్లు చచ్చిపోతున్నాయని, ఆరు నెలల ప్యాకేజీ నలభై వేలని, ఆ రోజే కడితే ఐదు వేలు తగ్గిస్తామని చెప్పారు. "నాకు మే నెలలో కోవిడ్ వచ్చింది" అని నేను రెండుసార్లు అన్నాను. ఆ అమ్మాయి రాసుకోనే లేదు. ఆరు నెలల ప్యాకేజీ ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తోంది నాకు. ఆరు నెలల్లో ఎలాగూ వచ్చేదే కదండీ! ఏటీఎంలో డబ్బు తీద్దామని బయటికొచ్చి, ఎండ చూసి ఇంటికొచ్చేశాను.

మాకు తెలిసిన చర్మం డాక్టరు గారు మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేశారు. జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగి, నాలుగు వెంట్రుకలు లాగి చూసి, థైరాయిడ్‌కీ ఐరన్‌కీ రక్తపరీక్ష రాశారు. నాకు అంతా బాగానే ఉంది. వదినకి రక్తం బాగా తక్కువుంది, మూడు నెలలుగా సరిగ్గా తింటే కదా. మాత్రలిచ్చారు. మచ్చల్లా గుండ్రంగా ఊడినా, చర్మం మీద పొక్కులున్నా, ఆరు నెలలు దాటినా ఆగకపోయినా మళ్లీ రమ్మన్నారు. అవి వేరే సంగతులు.

ఒక్క విషయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చైనాలోని వూహాన్‌లో ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన కోవిడ్ రోగుల్ని ఆరు నెలల తర్వాత పిలిచి చూస్తే, నూటికి 22 మంది జుట్టు రాలుతోందని చెప్పారు. అది లాన్సెట్ పత్రికలో వచ్చింది 2021 జనవరిలో. అంటే మన దగ్గర సెకండ్ వేవ్ రావడానికి మూడు నెలల ముందే. వదినని ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఏ మాత్ర ఎన్ని రోజులో రాశారు, బోర్లా పడుకోమని రాశారు. "మూడు నెలలకి జుట్టు రాలుతుంది, కంగారుపడకండి, మళ్లీ వస్తుంది" అని ఒక్క వాక్యం ఎక్కడా లేదు. ఊపిరి అందక జనం పోతున్న రోజుల్లో జుట్టు గురించి ఎవరు రాస్తారు అంటారా? నిజమే. కానీ ఆ ఒక్క వాక్యం ఉంటే ఆ బంధువు మాటని వదిన అంతలా మనసుకి పట్టించుకునేది కాదు.

మన దగ్గర ఆడదాని జుట్టు ఉత్త జుట్టు కాదు. పెద్దమ్మమ్మ అత్తగారు అంతలా ఎందుకు అరిచిందో అమ్మ చెప్పాకే నాకు అర్థమైంది. ఆ రోజుల్లో వాళ్ల ఇళ్లల్లో భర్త పోయిన ఆడదానికి గుండు చేయించేవారు. బోడితల కనబడితే అర్థం ఒకటే. భర్త బతికుండగా కోడలి నెత్తి మాడు కనబడడం ఆవిడకి అపశకునం. అందుకే పెద్దమ్మమ్మని ఆ సంక్రాంతికి గుమ్మం దాటనివ్వలేదు. పేరంటాలకి పంపలేదు. ఆవిడ రాలిన జుట్టునే ఏరి సవరం కట్టించి, అది పెట్టి జడ వేశాకే గుడికి తీసుకెళ్లారట. వీరేశలింగం గారు ఇదే రాజమండ్రిలో 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి ముప్పై ఏడేళ్లు దాటింది. ఊరికి నలభై మైళ్లు కూడా లేదు ఆ పల్లె.

ఇన్‌ఫ్లూయెంజా అదే నెలల్లో అమెరికాలోని డెన్వర్‌లో ఒక పత్రికలో పనిచేసే కేథరిన్ ఆన్ పోర్టర్ అనే అమ్మాయిని కూడా పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు. పత్రికవాళ్లు సంతాపవార్త కూడా సిద్ధం చేసి పెట్టుకున్నారట. బతికింది. నల్లటి జుట్టంతా ఊడిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు తెల్లగా వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1939లో, ఆ జ్వరం నేపథ్యంగా ఒక పెద్ద కథ రాసి పేరు తెచ్చుకుంది. ఆవిడ తొంభై ఏళ్లు బతికింది. పెద్ద రచయిత్రి అయ్యాక తీసిన ఫోటోల్లో తెల్ల జుట్టు చక్కగా దువ్వుకుని, ముత్యాలు వేసుకుని దర్జాగా ఉంటుంది. ఫోన్‌లో ఆ ఫోటో వదినకి చూపించాను. చాలాసేపు చూసి, "ఈవిడకి ఎవరున్నారు?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక, రాసుకునే పని ఉందని చెప్పాను.

ఆ మర్నాడు క్యాలెండరు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. జ్వరం వచ్చిన తారీకు, రాలడం మొదలైన తారీకు పెన్నుతో గుర్తు పెట్టాం. వదిన తారీకు చూస్తూ, "ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందే వచ్చింది నాకు జ్వరం" అంది నెమ్మదిగా. "అంటే ఆయన ఉండగానే ఇది మొదలైపోయిందన్నమాట." అవునన్నాను. ఆయన ఐసీయూలో ఉన్నప్పుడే ఆ వెంట్రుకలు పెరగడం ఆగిపోయాయి, రాలింది ఇప్పుడు, అంతే. దుఃఖానికి కూడా జుట్టు రాలుతుందని డాక్టరు గారు చెప్పారు, అది నేను దాచలేదు. కానీ ఆ బంధువు అన్న మాటకి అర్థం అది కాదు కదా. వదిన ఆ సాయంత్రం దువ్వెన అడిగి తీసుకుంది. నేనే చిక్కు తీశాను. బోలెడు రాలింది. ఇద్దరం ఏం అనలేదు.

అక్టోబరు చివరికి నాకు తగ్గింది, ఆవిడకి ఇంకో నెల పట్టింది. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంతకన్నా తొందరపడదు. కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం వదిన అద్దం ముందు నిలబడి పిలిచింది. నుదుటి పైన, పాపిడికి అటూ ఇటూ, అంగుళం పొడవు పిల్లజుట్టు గడ్డిలా నిలబడి ఉంది. నీళ్లు రాసి అణచి చూసింది. నూనె రాసింది. అణగలేదు. "పోనీ, ఉండనీ" అని వదిలేసింది.

తర్వాత వారంలో వీధిలో "చిక్కు వెంట్రుకలకి గిన్నెలిస్తాం" అని కేక వినబడింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి వదిన సూట్‌కేసులోని పొట్లం పట్టుకుని గేటు దగ్గరుంది. ఆయన పోయాక తనంతట తను గేటు దాకా వెళ్లడం అదే మొదటిసారి. బేరం కూడా గట్టిగానే ఆడింది, మొదట ఇచ్చిన గిన్నె సొట్ట ఉందని వెనక్కిచ్చి వేరేది తీసుకుంది. చిన్న స్టీలు గిన్నె. తన ఊరు వెళ్లేటప్పుడు అది మాత్రం పట్టుకెళ్లింది. మొన్న వెళ్తే అందులో పాలు తోడేసి ఉన్నాయి.